మీ యాడ్ డబ్బు గల్లాకు తిరిగొస్తోందా? ఫేస్‌బుక్, ఇన్‌స్టా యాడ్ల ఫలితాన్ని మీ వెబ్‌సైట్‌లో లెక్క చూసుకోవడం ఎలా

కూకట్‌పల్లిలో చీరల బొటిక్ నడిపే ఆవిడ అడిగినా, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ పెట్టిన ఆయన అడిగినా, బేగంబజార్ దుకాణానికి కొత్తగా సైట్ కట్టించుకున్న కుర్రాడు అడిగినా ప్రశ్న మాత్రం ఒకటే. "యాడ్స్‌కి నెలనెలా డబ్బు పోతోంది. ఫేస్‌బుక్ ఇరవై ఆర్డర్లు తెచ్చానంటుంది. గూగుల్ తొమ్మిదే అంటుంది. నా పుస్తకంలో పదహారు ఉన్నాయి. దేన్ని నమ్మాలి?"

పుస్తకాన్నే నమ్మండి. మిగతా రెండూ ఎందుకు తేడాగా చెబుతున్నాయో తెలుసుకుని, వాటిని పుస్తకానికి వీలైనంత దగ్గరగా తెచ్చుకోవాలి. దానికి ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. ఒక సాయంత్రం కూర్చుంటే చాలావరకు పూర్తవుతుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

మీ వెబ్‌సైట్ అడ్మిన్ లాగిన్, గూగుల్ అనలిటిక్స్ 4 ఖాతా (సైట్‌కు ఎవరు ఎక్కడి నుంచి వచ్చారో లెక్కపెట్టే గూగుల్ సాధనం), మెటా బిజినెస్ ఖాతాలో పూర్తి అధికారం (మెటా అంటే ఫేస్‌బుక్, ఇన్‌స్టా నడిపే కంపెనీ), ఒక గూగుల్ షీట్, వైఫై ఆపేసి మొబైల్ డేటాతో వాడే ఒక ఫోన్. ఇవి చాలు, దేనికీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. ఈ ఖాతాలన్నీ మీ సొంత ఈమెయిల్ మీదే ఉండాలి. యాడ్స్ చూసే ఏజెన్సీకి అందులోకి అనుమతి ఇవ్వండి, అంతేగానీ ఏజెన్సీ ఖాతాలో మీరు అతిథిగా ఉండొద్దు. నాకు తెలిసిన ఒక దుకాణం ఏజెన్సీ మారిన రోజున రెండేళ్ల డేటా అంతా పోగొట్టుకుంది. పిక్సెల్ (సైట్‌లో జరిగింది మెటాకు చెప్పే చిన్న కోడ్), యాడ్ అకౌంట్ రెండూ పాతవాళ్ల పేరు మీదే ఉండిపోయాయి. మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

1. దేన్ని లెక్కపెట్టాలో ముందు తేల్చుకోండి

లైకులు, రీచ్, ఫాలోవర్లు ఈ లెక్కలోకి రావు. ఆన్‌లైన్ దుకాణమైతే పూర్తయిన ఆర్డర్. కోచింగ్ సెంటర్ అయితే నింపిన ఫారం లేదా వచ్చిన ఫోన్. బేరమంతా వాట్సాప్‌లోనే జరిగే వ్యాపారమైతే వాట్సాప్ బటన్ నొక్కడం. ఒక్కటి ప్రధానంగా ఎంచుకోండి, కావాలంటే దాని ముందు మెట్టును రెండోదిగా పెట్టుకోండి. పది పెట్టుకుంటే వారం తర్వాత ఏదీ చూడరు.

2. గడియారం, కరెన్సీ సరిచూడండి

రెండు నిమిషాల పని, కానీ చాలామంది దీన్ని వదిలేస్తారు. అనలిటిక్స్‌లో అడ్మిన్, ప్రాపర్టీ వివరాల్లోకి వెళ్లి టైమ్ జోన్ భారత్, కరెన్సీ రూపాయి అని ఉందో లేదో చూడండి. అమెరికా సమయం పెట్టి ఉంటే మన రాత్రి ఆర్డర్లు, పగటి ఆర్డర్లు వేరే తేదీల కింద పడి, ఏ రోజు లెక్కా కుదరదు. ఇక్కడ మారిస్తే ముందుకు వచ్చే డేటాకే వర్తిస్తుంది. మెటా యాడ్ అకౌంట్‌లో మాత్రం ఇవి మార్చాలంటే కొత్త అకౌంట్ తెరవాల్సిందే. కాబట్టి యాడ్స్ మొదలుపెట్టకముందే చూసుకోండి.

అక్కడ ఉండగానే డేటా రిటెన్షన్‌ను (డేటాను ఎంతకాలం దాచి ఉంచాలన్న సెట్టింగ్) 2 నెలల నుంచి 14 నెలలకు మార్చేయండి. ఎక్స్‌ప్లోర్ విభాగంలో పాత డేటాను లోతుగా చూడటానికి ఇది అవసరం. ఈరోజు మార్చకపోతే పోయిన డేటా తిరిగి రాదు.

3. అనలిటిక్స్ కోడ్ ఒక్కసారే ఉండేలా చూడండి

థీమ్‌లో ఒకసారి, ప్లగిన్‌లో ఒకసారి, ట్యాగ్ మేనేజర్‌లో (ఇలాంటి కోడ్‌లను ఒకేచోట పెట్టి నడిపే గూగుల్ సాధనం) ఇంకోసారి కోడ్ పెట్టిన సైట్లు చాలా ఉన్నాయి. ఒక పేజీ చూస్తే రెండు చూసినట్టు, ఒక ఆర్డర్ రెండు ఆర్డర్లయినట్టు చూపించొచ్చు. ఫోన్‌లో మీ సైట్ తెరిచి, కంప్యూటర్‌లో రియల్‌టైమ్ రిపోర్ట్ చూడండి. గత 30 నిమిషాల్లో జరిగింది అందులో కనిపిస్తుంది. మీరు ఒక పేజీ తెరిస్తే పేజీ వ్యూ రెండు పడిందంటే కోడ్ రెండుచోట్ల ఉన్నట్టే. ఒకటి తీసేయండి.

ఆర్డర్ పూర్తయినప్పుడు పర్చేజ్ ఈవెంట్ (అమ్మకం జరిగిందన్న కబురు) వస్తోందా, అందులో మొత్తం రూపాయల్లో ఉందా, ఆర్డర్ నంబర్ ఉందా చూడండి. ఆర్డర్ నంబర్ లేకపోతే ఆర్డర్ అయ్యాక వచ్చే థాంక్యూ పేజీని కస్టమర్ రిఫ్రెష్ చేసిన ప్రతిసారీ కొత్త అమ్మకంగా పడుతుంది. ఫారం, వాట్సాప్ లాంటి ఈవెంట్లను కీ ఈవెంట్‌గా, అంటే మీకు ముఖ్యమైనవిగా, గుర్తించండి. 2024 వరకు వీటినే కన్వర్షన్లు అనేవారు, పాత వీడియోలు చూసి వెతికితే ఆ పేరు దొరకదు.

4. మెటా పిక్సెల్, దానితోపాటు కన్వర్షన్స్ ఏపీఐ

పిక్సెల్ కస్టమర్ బ్రౌజర్ నుంచి కబురు పంపుతుంది. కన్వర్షన్స్ ఏపీఐ మీ సర్వర్ నుంచి పంపుతుంది. రెండూ ఎందుకంటే, 2021 ఏప్రిల్‌లో ఐఓఎస్ 14.5 వచ్చినప్పటి నుంచి ఐఫోన్‌లో యాప్‌లు ట్రాకింగ్‌కు ముందుగా అనుమతి అడగాల్సి వస్తోంది. చాలామంది వద్దంటారు. యాడ్ బ్లాకర్లు కూడా పిక్సెల్‌ను ఆపేస్తాయి.

మన దగ్గర ఇంకో పెద్ద కారణం యూపీఐ. ఇన్‌స్టాలో యాడ్ నొక్కిన కస్టమర్ ఇన్‌స్టా లోపలి బ్రౌజర్‌లోనే మీ సైట్ చూస్తాడు. డబ్బు కట్టడానికి యూపీఐ యాప్‌లోకి వెళ్తాడు. పిన్ కొడతాడు, డబ్బు కట్ అయిందని మెసేజ్ వస్తుంది, అంతే, మళ్లీ మీ పేజీకి రాడు. థాంక్యూ పేజీ తెరుచుకోలేదు కాబట్టి పిక్సెల్‌కు గానీ అనలిటిక్స్‌కు గానీ అమ్మకం జరిగిన సంగతే తెలియదు. డబ్బు మాత్రం మీ ఖాతాలో పడింది. పుస్తకంలో పదహారు, గూగుల్‌లో తొమ్మిది అన్న తేడాలో కొంత ఇక్కడి నుంచే వస్తుంది.

అందుకే పర్చేజ్ కబురు థాంక్యూ పేజీ మీద ఆధారపడకుండా, పేమెంట్ ఖాయమైందని సర్వర్‌కు తెలిసిన క్షణంలో వెళ్లేలా పెట్టించండి. ఆన్‌లైన్ దుకాణాలు కట్టే వూకామర్స్‌కూ షాపిఫైకీ మెటావే ఇంటిగ్రేషన్లు ఉన్నాయి. డెవలపర్‌తో చేయిస్తే ఒక్క మాట గట్టిగా చెప్పండి: "బ్రౌజర్ నుంచి వెళ్లే ఈవెంట్‌కీ సర్వర్ నుంచి వెళ్లే ఈవెంట్‌కీ ఈవెంట్ ఐడీ ఒకటే ఉండాలి." ఐడీలు వేరైతే మెటా ఒక్క అమ్మకాన్ని రెండుగా లెక్కేస్తుంది.

సరిచూసుకోవడానికి మెటా ఈవెంట్స్ మేనేజర్‌లో టెస్ట్ ఈవెంట్స్ ట్యాబ్ తెరిచి, మీ సైట్‌లో నాలుగు పేజీలు తిరగండి. ఏ ఈవెంట్ బ్రౌజర్ నుంచి వచ్చిందో, ఏది సర్వర్ నుంచి వచ్చిందో విడివిడిగా చూపిస్తుంది.

5. లింకుకు చీటీ కట్టండి

అసలు పని ఇదే. మిగతావి వదిలేసినా దీన్ని వదలొద్దు.

పెళ్లిలో కానుకల మీద పేరు రాస్తాం కదా, ఎవరిచ్చారో తర్వాత తెలియాలని. యూటీఎం, అంటే ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే లింకు తోక, కూడా అంతే. లింకు చివర ఒక ? గుర్తు, దాని తర్వాత సోర్స్, మీడియం, క్యాంపెయిన్, కంటెంట్ అనే పేర్లు, వాటి మధ్య & గుర్తు. చేత్తో టైప్ చేయనక్కర్లేదు. మెటా యాడ్స్ మేనేజర్‌లో యాడ్ స్థాయిలో, కింద ట్రాకింగ్ అనే భాగంలో యూఆర్‌ఎల్ పారామీటర్లు కట్టే ఫారం ఉంటుంది. గడులు నింపితే చాలు. యాప్‌లో పోస్ట్ బూస్ట్ చేసేవాళ్లకు ఆ ఫారం ఉండదు. గూగుల్ వారి క్యాంపెయిన్ యూఆర్‌ఎల్ బిల్డర్‌లో లింకు తయారుచేసుకుని దాన్నే వెబ్‌సైట్ గడిలో అతికించండి.

ఏ గడిలో ఏం రాయాలి? సోర్స్‌లో ఫేస్‌బుక్ లేదా ఇన్‌స్టాగ్రామ్ అని పూర్తి పేరు. మీడియంలో పెయిడ్ అని మొదలయ్యే మాట, ఉదాహరణకు పెయిడ్_సోషల్. క్యాంపెయిన్‌లో నెల, సరుకు, సందర్భం. కంటెంట్‌లో ఏ వీడియో, ఏ ఫొటో అన్నది. ఇవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, ఖాళీ లేకుండా, మధ్యలో అండర్‌స్కోర్‌తో ఉండాలి. పెద్ద అక్షరంతో మొదలైన ఫేస్‌బుక్, చిన్న అక్షరంతో మొదలైన ఫేస్‌బుక్ అనలిటిక్స్‌కు రెండు వేర్వేరు ఊళ్లు.

మీడియంలో పెయిడ్ అనే ఎందుకు రాయాలి? అనలిటిక్స్ మీ ట్రాఫిక్‌ను తనంతట తానే చానళ్లుగా విడదీస్తుంది. సోర్స్ సోషల్ మీడియా సైటై, మీడియం పెయిడ్ అని గానీ సీపీసీ (క్లిక్‌కు ఇంత అని డబ్బు కట్టే యాడ్) అని గానీ ఉంటేనే పెయిడ్ సోషల్ కింద వేస్తుంది. మీడియంలో సోషల్ అనో యాడ్స్ అనో రాస్తే, ఊరికే పెట్టిన పోస్టుల నుంచి వచ్చినవాళ్లతో కలిపి ఆర్గానిక్ సోషల్‌లో పడేస్తుంది. డబ్బు పెట్టి తెచ్చిన గిరాకీ, ఉచితంగా వచ్చిన గిరాకీ ఒకే కుప్పలో కలిసిపోతాయి.

పోచంపల్లి ఇక్కత్ చీరలకు మూడు యాడ్లు నడుపుతున్నారనుకోండి. మగ్గం మీద నేస్తున్న వీడియో ఒకటి, చీర కట్టుకున్న అమ్మాయి రీల్ ఒకటి, ధరలతో ఫొటో ఒకటి. కంటెంట్ గడిలో మూడింటికీ మూడు పేర్లు పెడితేనే ఏది అమ్మిందో తెలుస్తుంది. ఎక్కువ లైకులు వచ్చిన రీల్, ఎక్కువ ఆర్డర్లు తెచ్చిన యాడ్ ఒకటే అవ్వాలని లేదు.

పేర్లన్నీ ముందే గూగుల్ షీట్‌లో రాసుకోండి. తేదీ, క్యాంపెయిన్ పేరు, కంటెంట్ పేరు, పూర్తి లింకు. యాడ్ పెట్టే ప్రతివాళ్లూ ఆ షీట్ నుంచే కాపీ చేయాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు మూడు. మీ సైట్ లోపలి బ్యానర్లకు కూడా యూటీఎం పెట్టడం ఒకటి. అలా చేస్తే యాడ్‌కు రావాల్సిన పేరు ఆ బ్యానర్ కొట్టేస్తుంది. రెండోది, లింకులో ఇప్పటికే ? ఉండగా ఇంకో ? పెట్టడం. అక్కడ & పెట్టాలి. మూడోది, సైట్ ఒక చిరునామా నుంచి ఇంకోదానికి మళ్లించేటప్పుడు తోక రాలిపోవడం. తయారుచేసిన లింకును ఫోన్‌లో తెరిచి, పేజీ పూర్తిగా వచ్చాక పైన చిరునామా పట్టీ చూడండి. యూటీఎం ఇంకా ఉండాలి. లేకపోతే మళ్లింపు తర్వాత వచ్చే చివరి చిరునామానే యాడ్‌లో పెట్టండి.

నడుస్తున్న యాడ్‌లో లింకు మారిస్తే అది మళ్లీ రివ్యూకు వెళ్లొచ్చు. కాబట్టి చీటీ కట్టే పని యాడ్ పబ్లిష్ చేయకముందే.

6. వాట్సాప్‌కు వెళ్లే దారి

మన ఊళ్లో సగం బేరాలు "అక్కా, ఇది వేరే కలర్‌లో ఉందా?" అన్న వాట్సాప్ మెసేజ్‌తోనే మొదలవుతాయి. సైట్‌లో వాట్సాప్ బటన్ మామూలు లింకు అయితే, అనలిటిక్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ ఆన్ చేసి ఉంటే చాలు, బయటికి వెళ్లే క్లిక్‌గా నమోదవుతుంది. అడ్మిన్‌లో ఈవెంట్స్ దగ్గర కొత్త ఈవెంట్ సృష్టించి, లింక్ డొమైన్ వాట్సాప్‌ది అయితే అని షరతు పెట్టండి. దాన్ని కీ ఈవెంట్ చేయండి. బటన్ ఏ చిరునామాకు పోతోందో ముందు చూసుకోండి, కొన్ని ప్లగిన్లు చిన్న లింకు వాడితే కొన్ని పొడుగుది వాడతాయి. ఫోన్ నంబర్ మీద నొక్కడం ఇలా తనంతట తాను పడదు, దానికి ట్యాగ్ మేనేజర్‌లో ట్రిగర్ పెట్టించాలి.

నొక్కిన ప్రతివాళ్లూ కొనరు కాబట్టి ఇది సగం లెక్కే. మిగతా సగానికి ఒక సులువు ఉంది. యాడ్ కోసం విడిగా ఒక పేజీ చేయండి. ఆ పేజీలోని వాట్సాప్ లింకులో మెసేజ్ ముందే రాసి ఉంచొచ్చు: "నమస్తే, ఇక్కత్ చీరల గురించి, కోడ్ ఐ3". కస్టమర్ సెండ్ నొక్కితే కోడ్‌తో సహా మీకు వస్తుంది. ఆర్డర్ రాసుకునేటప్పుడు ఆ కోడ్ కూడా పుస్తకంలో ఎక్కించండి. కోడ్ చెరిపేసేవాళ్లు కొందరుంటారు. వాళ్లను "ఎక్కడ చూశారండీ?" అని అడగమని మెసేజ్‌లు చూసే అమ్మాయికి చెప్పండి.

7. యాడ్ వదలకముందు మీరే కస్టమర్ అవ్వండి

తక్కువ ధరకు ఒక టెస్ట్ సరుకు పెట్టండి. యాడ్ ప్రివ్యూను మీ ఫోన్‌లో తెరిచి, యాడ్ మీదనే నొక్కి సైట్‌కు వెళ్లి, యూపీఐతో నిజంగా కొనండి. రెండుసార్లు చేయండి. మొదటిసారి థాంక్యూ పేజీ దాకా రండి. రెండోసారి డబ్బు కట్టి యాప్ మూసేయండి. రెండు ఆర్డర్లూ ఈవెంట్స్ మేనేజర్‌లో కనిపించాయా? మొదటిది మాత్రమే వస్తే 4వ మెట్టు పూర్తికాలేదన్నమాట.

మరుసటి రోజో ఆ తర్వాతి రోజో అనలిటిక్స్‌లో ట్రాఫిక్ అక్విజిషన్ రిపోర్ట్ చూడండి. డేటా పూర్తిగా రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు. మీ టెస్ట్ ఆర్డర్ పక్కన పేమెంట్ గేట్‌వే (డబ్బు వసూలు చేసిపెట్టే సైట్) పేరు రెఫరల్‌గా, అంటే కస్టమర్‌ను పంపిన సైట్‌గా, కనిపిస్తే, డేటా స్ట్రీమ్ సెట్టింగుల్లో అన్‌వాంటెడ్ రెఫరల్స్ జాబితాలో ఆ డొమైన్ చేర్చండి. లేకపోతే మీ అమ్మకాల పేరంతా గేట్‌వే ఖాతాలో పడుతుంది.

టెస్ట్ ఆర్డర్లు రద్దు చేసి, షీట్‌లో రాసిపెట్టుకోండి. ఇంకొకటి, ఫారం నింపి పంపాక తర్వాతి పేజీ చిరునామాలో పేరో ఫోన్ నంబరో కనిపిస్తే వెంటనే సరిచేయించండి. వ్యక్తిగత వివరాలు అనలిటిక్స్‌కు పంపడాన్ని గూగుల్ ఒప్పుకోదు. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం కూడా వచ్చింది. ట్రాకింగ్ వాడుతున్నట్టు మీ ప్రైవసీ పేజీలో స్పష్టంగా రాయండి. కస్టమర్ నమ్మి ఇచ్చిన నంబర్ అది.

8. వారానికోసారి లెక్క

సోమవారం పొద్దున అరగంట చాలు. యాడ్స్ మేనేజర్‌లో ఖర్చు, ల్యాండింగ్ పేజ్ వ్యూలు (యాడ్ నొక్కాక మీ పేజీ నిజంగా తెరుచుకున్నవి), పర్చేజ్‌లు చూడండి. క్లిక్స్ ఆల్ అనే నిలువు వరస జోలికి పోవద్దు. లైకు కొట్టినా, ప్రొఫైల్ నొక్కినా, సీ మోర్ నొక్కినా అందులో పడతాయి. లింక్ క్లిక్‌ల కంటే ల్యాండింగ్ పేజ్ వ్యూలు బాగా తక్కువగా ఉంటే మీ సైట్ తెరుచుకునేలోపే జనం వెనక్కి పోతున్నారు. యాడ్ మార్చకముందు ఫొటోల సైజు తగ్గించండి.

తర్వాత మీ పుస్తకం. వూకామర్స్ 8.5 వెర్షన్ నుంచి ప్రతి ఆర్డర్‌కూ అది ఎక్కడి నుంచి వచ్చిందో నమోదవుతుంది, యూటీఎంతో సహా. దానికి వాట్సాప్ కోడ్ ఉన్న ఆర్డర్లు కలపండి.

ఇప్పుడు లెక్క వేద్దాం, అంకెలు ఉదాహరణకే. యాడ్ ఖర్చు ₹10,000. దాని మీద 18 శాతం జీఎస్టీ ₹1,800. మెటా 20 అమ్మకాలంటోంది, అంటే తెర మీద ఒక్కో ఆర్డర్‌కు ₹500. చూడటానికి బాగుంది. మీ పుస్తకంలో యాడ్ ఆర్డర్లు 16. అందులో క్యాష్ ఆన్ డెలివరీవి 3 తిరిగొచ్చాయి, రానూపోనూ కొరియర్‌కు ఒక్కోదానికి ₹150 చొప్పున ₹450 పోయింది. నిలబడినవి 13. మొత్తం ఖర్చు ₹12,250. ఒక్కో ఆర్డర్‌కు పడింది ₹942. చీర మీద మీకు మిగిలేది ₹750 అయితే, తెర మీద లాభంగా కనిపించిన యాడ్ ఒక్కో చీరకు దాదాపు ₹192 తినేస్తోంది. జీఎస్టీ నంబర్ ఉండి, దాన్ని యాడ్ అకౌంట్‌లో ఇచ్చి, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోగలిగితే ఆ ₹1,800 తీసేయండి. అప్పుడు ₹804. ఇంకా నష్టమే, కానీ క్యాష్ ఆన్ డెలివరీలో తిరిగొచ్చేవి తగ్గిస్తే గట్టెక్కే దూరంలో ఉంది. ఈ సంగతి మెటా తెర ఎప్పటికీ చెప్పదు. దానికి తిరిగొచ్చిన పార్సిల్ తెలియదు.

మెటా లెక్క ఎక్కువగా ఎందుకుంది?

యాడ్ నొక్కి 7 రోజుల్లో కొన్నా, నొక్కకుండా చూసి 1 రోజులో కొన్నా తన ఖాతాలోనే వేసుకోవడం మెటాలో మామూలుగా ఉండే సెట్టింగ్. ఎప్పటి నుంచో కొంటున్న కస్టమర్ ఫీడ్‌లో మీ యాడ్ దాటిపోయి, సాయంత్రం తనంతట తాను సైట్‌కు వచ్చి కొన్నా అది యాడ్ అమ్మకమే అవుతుంది. కాలమ్స్ దగ్గర అట్రిబ్యూషన్ సెట్టింగ్‌లను (ఏ అమ్మకాన్ని యాడ్ పేరు మీద వేయాలన్నవి) పోల్చే ఆప్షన్ ఉంది. క్లిక్ వల్ల ఎన్ని, చూడటం వల్ల ఎన్ని అని విడదీసి చూడండి. పాత కస్టమర్లకే చూపించే రీటార్గెటింగ్ యాడ్లలో చూడటం వల్ల వచ్చినవే ఎక్కువగా ఉంటే, ఆ యాడ్‌ను ఒక వారం ఆపి పుస్తకంలో ఆర్డర్లు తగ్గాయో లేదో చూడండి. తగ్గకపోతే ఆ డబ్బు కొత్తవాళ్ల వైపు మళ్లించండి.

రెండో రోజే యాడ్ ఆపేయొద్దు

ఒక యాడ్ సెట్‌కు వారంలో దాదాపు 50 ఫలితాలు వచ్చేదాకా మెటా దాన్ని లెర్నింగ్ దశలోనే, అంటే ఎవరికి చూపిస్తే ఫలితం వస్తుందో నేర్చుకునే దశలోనే, ఉంచుతుంది. రోజూ బడ్జెట్ మారుస్తూ, ఫొటో మారుస్తూ ఉంటే ఆ దశ దాటదు. చిన్న బడ్జెట్‌తో వారానికి 50 అమ్మకాలు రావు కదా అంటారు, నిజమే. అలాంటప్పుడు యాడ్ సెట్‌లు తగ్గించి డబ్బు ఒకేచోట పెట్టండి, లేదా కార్ట్‌లో వేయడాన్ని లక్ష్యంగా పెట్టుకోండి.

ఇవేవీ పెట్టుకోలేని పరిస్థితి అయితే

సైట్ లాగిన్ లేకపోయినా, డెవలపర్ ఫోన్ ఎత్తకపోయినా ఒక దారి ఉంది. ఒక్కో యాడ్‌కు ఒక్కో కూపన్ కోడ్. ఇన్‌స్టా యాడ్‌కు ఒకటి, ఫేస్‌బుక్ యాడ్‌కు ఒకటి. దుకాణానికి నేరుగా వచ్చి కోడ్ చూపించినా తగ్గింపు ఇవ్వండి. సైట్‌లో చూసి కూకట్‌పల్లి షాపుకే వచ్చి చీర పట్టుకు చూసి కొనేవాళ్లను ఏ పిక్సెల్ కూడా పట్టుకోలేదు, కూపన్ పట్టుకుంటుంది.

పండగ వారాలను పోల్చేటప్పుడు

బతుకమ్మ, దసరా వారం అమ్మకాలను దాని ముందు వారంతో పోల్చి యాడ్ అద్భుతంగా పనిచేసిందనుకోవద్దు. పోయిన పండగతో పోల్చండి. అనలిటిక్స్‌లో గత ఏడాదితో పోల్చే బటన్ ఉంది, కానీ అది ఇంగ్లిష్ తేదీలనే చూస్తుంది. దసరా 2024లో అక్టోబర్ 12న వచ్చింది, 2025లో అక్టోబర్ 2న. ఆ బటన్ నొక్కితే పండగ వారం పక్కన మామూలు వారం వచ్చి కూర్చుంటుంది. క్యాలెండర్ పక్కన పెట్టుకుని, రెండేళ్ల తేదీలూ చేత్తో ఎంచుకోండి.